పురుగుల్లేని నీళ్ళు

అభా, 8 ఫిబ్రవరి 2013

ఘనీ బావకు మస్తాన్ వలీ సలాములు.

నేను బాగున్నాను. చలికి చేతివేళ్ళు మాత్రం మాట వినడం లేదు. సౌదీ అంటే ఎండలే అని చెప్పి పంపావు. ఇక్కడికొచ్చి రెండు రగ్గులు కప్పుకుంటున్నాను.

ఫోన్ చేయనని తిట్టుకుంటూ ఉంటావు. అభా ఊరు దాటి ఈ లోయలోకి దిగితే సిగ్నల్ ఉండదు. సిగ్నల్ కోసం కొండెక్కుదామంటే కోతుల మందలు. మన కోతులు కావు, కుక్క మూతీ జూలూ ఉన్నవి. పోయిన వారం భూమేష్ చేతిలోంచి రొట్టెల సంచి లాక్కుపోయాయి. భూమేష్ అంటే నాతో పాటు ఇక్కడ పనిచేసేవాడు, జగిత్యాల వైపు మనిషి. అందుకే ఈ ఉత్తరం. మా తోట కూరగాయలు రియాద్ మార్కెట్‌కు వేసుకొచ్చే దిలావర్‌కు మీ బత్హా సందులన్నీ తెలుసట. పాకిస్తానీ అయినా మనవాడి లెక్కే. జవాబు అతని చేతికే ఇవ్వు. జబీకి ఫోన్ చేసినప్పుడు నీ చెల్లెలి మొగుడు చలికి తప్ప దేనికీ భయపడటం లేదని చెప్పు.

నా పని చెబితే నవ్వుతావు. ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డులో మేకల కాపరి అని ఉంది. వచ్చి చూస్తే మేకలు లేవు, చేపలున్నాయి. నాకు వీసా ఇచ్చిన కఫీల్ అబూ తుర్కీ పెద్దాయన. చిన్నప్పుడు ఇంగ్లండులో చదువుకున్నాడట. అక్కడ ట్రౌట్ అనే చేపను గాలంతో పట్టే పిచ్చి అంటుకుంది. ముసలితనంలో ఆ పిచ్చి మళ్ళీ తిరగబెట్టింది. వాగుకు అడ్డంగా రాళ్ళు పేర్చి కుంట కట్టించాడు. మంచుపెట్టెల్లో గుడ్లు తెప్పించి పొదిగించాడు. ఇప్పుడవి మూరెడు చేపలయ్యాయి. ఒంటినిండా కుంకుమ చుక్కలు.

ఈ చేపకు ఎర వేస్తే పెద్దాయనకు నచ్చదు. వాగులో పుట్టే పురుగు ఎలా ఉంటుందో అలాంటి ఉత్తుత్తి పురుగును ఈకతో, ఉన్నితో గాలానికి కట్టాలి. ఆ కట్టే పని నాది. మొదటిరోజు నన్ను నీళ్ళలోకి దింపి ఒక రాయి తిప్పి చూపించాడు. దానికి ఇసుక రేణువుల గొట్టాలు అంటుకుని ఉన్నాయి, బియ్యపు గింజంత. ఒకదాన్ని అరచేతిలో పెట్టాడు. కాసేపటికి అందులోంచి తల, ఆరు కాళ్ళు బయటికొచ్చాయి. నోట్లోంచి దారం తీసి, ఇసుక రేణువులు ఒక్కొక్కటే అతికించుకుని చొక్కా కుట్టుకుంటుందట ఆ పురుగు. కాడిస్ అంటారన్నాడు. నేను ఇసుకచొక్కా అని పేరు పెట్టుకున్నాను. పెద్దయ్యాక రెక్కలొచ్చి, సాయంత్రం పూట నీళ్ళ మీద గుడారంలా రెక్కలు ముడుచుకుని వాలుతుంది. చేప ఎగిరి అందుకుంటుంది.

నాయన విల్లుతో దూది ఏకుతుంటే పక్కన కూర్చుని పోగులు తీసిన చేతులు నావి. మేక ఉన్ని నూలులా సాగదీసి గాలానికి చుడితే పెద్దాయన కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "నువ్వు కాపరివి కావు" అన్నాడు. 

రుఖయ్యా అక్కకు, పిల్లలకు సలాం చెప్పు.

నీ మస్తాన్


రియాద్, 3 మార్చి 2013

మస్తానూ,

దిలావర్ నీ ఉత్తరంతో పాటు గంపెడు క్యారట్లు దించిపోయాడు. రుఖయ్యా హల్వా చేసింది. పిల్లలు నీ పేరు చెప్పుకుని తిన్నారు.

నీ ఉత్తరం చదివి నేను నవ్వలేదు. రాళ్ళ కింద పురుగులున్న నీళ్ళలో దిగుతున్నావు, బహుశా ఆ నీళ్ళే తాగుతున్నావు. జబీకి ఈ సంగతి చెప్పలేదు. క్లోరిన్ బిళ్ళల ప్యాకెట్ ఒకటి దిలావర్‌కిచ్చి పంపుతున్నాను. కుంటలో నాలుగు వేస్తే పురుగు అన్నది మిగలదని కొట్టువాడు చెప్పాడు.

ఇక అసలు విషయం. మా ఆఫీసులో ఇప్పుడు నితాకాత్ తప్ప వేరే మాట లేదు. కంపెనీలో సౌదీలు ఎంతమంది ఉన్నారో చూసి ప్రభుత్వం రంగు వేస్తుంది. పచ్చరంగు కంపెనీ అయితే ఇకామాలు రెన్యువల్ అవుతాయి. ఎరుపు పడితే కావు. పైగా ఒక్కో మనిషి మీదా లెవీ కట్టమంటున్నారు. నీ కఫీల్ పేరు కంప్యూటర్లో కొట్టి చూశాను. ఎరుపు. కార్డులో మేకల కాపరి అని రాసి, చేపల దగ్గర పని చేస్తున్నావు. చెకింగ్ పోలీసుకు అదొక్కటి చాలు. మొన్న బత్హాలో చెకింగ్ అనగానే సగం దుకాణాలు షట్టర్లు దించేశాయి. మా సందులో టైలరు మూడు రోజులుగా మిషన్ కింద పడుకుంటున్నాడు.

పెద్దాయన మంచివాడే కావచ్చు. మంచితనం కంప్యూటర్లో కనపడదు. ఇకామా ఎప్పటివరకు ఉందో చూసి రాయి. ఈకల పని ఎవరికీ చెప్పకు. ఈకలు, దారాలు, పురుగులు అంటే చేతబడి అనుకునేవాళ్ళు ఈ దేశంలోనూ ఉన్నారు.

అబ్దుల్ ఘనీ


అభా, 29 మార్చి 2013

బావా, సలాం.

బిళ్ళలు అందాయి. విప్పకుండా గూట్లో పెట్టాను. నువ్వు నా మంచికే పంపావు కానీ, పురుగు ఉంటేనే ఇక్కడ నీళ్ళు మంచివని లెక్క. అవి మురుగులో బతకవు. పెద్దాయన తాగే నీళ్ళు కూడా ఈ వాగువే.

వాగువే అని ఇప్పుడు రాయాలంటే చెయ్యి ఆగుతోంది.

పది రోజుల కిందట ఈక కట్టడానికి నమూనా కావాలని రాయి తిప్పాను. చొక్కాలున్నాయి. లోపల పురుగు లేదు. ఇంకో రాయి, ఇంకోటి. అన్నీ అంతే. కొన్ని చేతిలో పెట్టుకోగానే ఇసుకై రాలిపోయాయి. తూనీగ పిల్లలు కూడా కాళ్ళు ముడుచుకుని ఒడ్డున పడి ఉన్నాయి. నీళ్ళు మాత్రం అద్దంలా తేటగా ఉన్నాయి బావా. ఆ తేట చూస్తేనే భయమేసింది.

పెద్దాయన్ని పిలిచాను. ఆయన చొక్కా ఒకటి నలిపి వాసన చూశాడు.  "చేప చావడం అందరూ చూస్తారు. అంతకంటే ముందు చచ్చేవి ఇవి. వీటిని ఎవరూ చూడరు" అన్నాడు. పైన ఏముందో చూసొద్దామని మర్నాడు తెల్లవారాక కర్ర పట్టుకుని బయల్దేరాడు. పైపొలాలన్నీ ఆయనవే. కానీ కొడుకు తుర్కీ పోయిన ఏడాది వాటిని ఎవరికో కౌలుకిచ్చాడు. సగం దారిలో పెద్దాయన రాతి మీద కూర్చున్నాడు. లేవలేదు. నోరు ఒక పక్కకు వంకర పోయింది. నేనూ భూమేషూ మోసుకొచ్చాం. తుర్కీ కారులో జిద్దా ఆస్పత్రికి తీసుకుపోయాడు. 

నా ఇకామా పోయిన నెలతోనే అయిపోయింది. రెన్యువల్ చేయిస్తానని పెద్దాయన మాటిచ్చాడు. ఇప్పుడాయనకు మాట లేదు.

భూమేష్ ఇవాళ పొద్దున "కడుపుల మెలిపెడ్తున్నది అన్నా, నోట్లె ఇనుము నాకినట్లున్నది" అన్నాడు. కోతులు కూడా నాలుగు రోజులుగా నీళ్ళకు దిగడం లేదు.

దిలావర్ చెప్పిన మాట ఒకటి. పైదారిలో శుక్రవారాలు ట్యాంకర్లు నిండుగా ఎక్కుతున్నాయట, దిగేటప్పుడు ఎగురుకుంటూ దిగుతున్నాయట.

మస్తాన్


రియాద్, 20 ఏప్రిల్ 2013

మస్తానూ,

నీ ఉత్తరం నలిగి, సగం తడిసి వచ్చింది. టమాటా పెట్టె కింద పెట్టాడట దిలావర్. మొదటి పేజీలో సిరా పాకిపోయి కొన్ని వాక్యాలే కనపడ్డాయి. బిళ్ళలు అందాయనీ, పురుగులన్నీ పోయి నీళ్ళు అద్దంలా ఉన్నాయనీ అర్థమైంది. నా మనసు కుదుటపడింది. జబీతో కూడా అదే చెప్పాను, నీళ్ళ సంగతి ఇక దిగులు లేదని. పెద్దాయనకు పక్షవాతం వచ్చిందని చదివి బాధ కలిగింది. అల్లా ఆయనకు నయం చేయాలి.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. రాజుగారు గడువు ఇచ్చారు. కాగితాలు సరిగా లేనివాళ్ళు దాన్ని వాడుకుని వేరే కంపెనీకి మారొచ్చు. దాన్నే నఖల్ కఫాలా అంటున్నారు. ఎరుపు కఫీల్ అయితే అతని సంతకం కూడా అక్కర్లేదు. పాస్‌పోర్టులు చూసే జవాజాత్ ఆఫీసు ముందు జనం రాత్రి చాపలు పరుచుకుని పడుకుంటున్నారు. నేను మా మేనేజర్ కాళ్ళా వేళ్ళా పడ్డాను. అభాలో ఒక క్లీనింగ్ కంపెనీకి మనుషులు కావాలట. పచ్చరంగు కంపెనీ. పని బరువు కాదు, హెల్పర్. నా సొంత మనిషి అని హామీ రాసిచ్చాను. అక్కడి ముదీర్, అంటే వాళ్ళ మేనేజర్, ఫోన్లో ఒక్కటే అడిగాడు: "మాట్లాడే మనిషా?" నోట్లో నాలుక లేనివాడు అని చెప్పాను.

అక్కడ ఉంటే నీకు మిగిలేది హురూబ్. అంటే పారిపోయాడని కఫీల్ రాసివ్వడం. ఆ మాట పడితే తర్హీల్ జైలే, ఆ తర్వాత ఈ దేశం మొహం చూడలేవు. కాబట్టి పురుగుల గోల వదిలెయ్.

ఘనీ


అభా, 18 మే 2013

బావా,

బిళ్ళలు విప్పలేదని రాశాను, నువ్వు వేరేలా చదివావు. నీ తప్పు లేదు, టమాటాలది.

చేపలు పోయాయి. ఒక్క పొద్దున్నే అన్నీ. తెల్లపొట్టలు పైకి తేలి, కుంటంతా చాప పరిచినట్టు. గోతులు తీసి పూడ్చాం. భూమేష్‌కు పార పట్టుకుంటే మణికట్టు వాలిపోతోంది. "చెయ్యి నాది కానట్లున్నదన్నా" అంటాడు. బాటిల్ నీళ్ళు కొనుక్కుందామంటే అతనికి మూడు నెలలుగా జీతం లేదు. నా దగ్గరున్నవి ఇద్దరం తాగాం, అయిపోయాయి. లోయ అంచున ఉండే పల్లె ఆడవాళ్ళు గడ్డి టోపీలు పెట్టుకుని ఇదే వాగుకు డబ్బాలు తెచ్చుకుంటున్నారు. వద్దని నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. నవ్వారు. నీళ్ళు తేటగా ఉన్నాయి కదా.

పెద్దాయన జిద్దాలోనే కన్నుమూశాడు. ఆ కబురు చెప్పడానికొచ్చిన తుర్కీ ముందు కుంట చూశాడు, తర్వాత మా గది. గూట్లో నీ ప్యాకెట్ దొరికింది. అది ఎత్తి పట్టుకుని, "నా తండ్రి చేపల్ని నువ్వు చంపావు" అన్నాడు.

"సీలు కూడా విప్పలేదయ్యా, చూడు" అన్నాను.

అతను చూడలేదు. ప్యాకెట్ కారులో వేసుకున్నాడు. "పైనుంచి ట్యాంకర్లు..." అని నేను మొదలుపెట్టగానే దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఏ ట్యాంకర్లు?" అని అడిగాడు. అరిచి ఉంటే అంత భయపడేవాణ్ణి కాదు. ఏమీ లేదన్నాను.

ఇక ఇక్కడ పని లేదట. అదే రోజు దిలావర్ నీ కంపెనీ కాగితాలు తెచ్చాడు. బావా, మునిగిపోయేవాడికి చెయ్యి అందించావు. ఆ కాగితాలు కళ్ళకద్దుకున్నాను. వారంలో చేరతాను. భూమేష్‌కు కూడా ఏదైనా చూడు. వాళ్ళమ్మ దేవవ్వ ఒక్కతే ఉంది, ఈ సంగతులేవీ ఆమెకు తెలియవు.

మస్తాన్


రియాద్, 28 జూన్ 2013

మస్తానూ, ముబారక్.

నీ ఇకామా కొత్తదైందని కంప్యూటర్లో చూసుకుని రుఖయ్యాతో మిఠాయి తెప్పించాను. జబీ ఫోన్లో ఏడ్చింది, సంతోషంతోనేలే. గడువు నవంబర్ దాకా పెంచుతారని ఆఫీసులో చెప్పుకుంటున్నారు. నీకిక దాంతో పని లేదు.

భూమేష్ సంగతి అడిగాను. చెయ్యి లేవని మనిషిని ఏ కంపెనీ రాయించుకోదు. ఎంబసీలో అవుట్‌పాస్ ఇస్తున్నారు, దానికి అప్లై చేసుకుని ఇంటికి పొమ్మను. ఎండదెబ్బ అయి ఉంటుంది, ఊరెళితే సర్దుకుంటుంది.

తుర్కీతో గొడవ పడకు. చచ్చిన చేపల కోసం ఎవరూ కేసు పెట్టరు. రంజాన్ వస్తోంది, ఉపవాసాల్లో జాగ్రత్త. కొత్త చోటు ఎలా ఉందో ఒక్క ముక్కయినా రాయి. నీ దగ్గరినుంచి ఉత్తరం రాకపోతే బాగున్నావనే అనుకుంటాను.

ఘనీ


అభా, 7 సెప్టెంబర్ 2013

బావా,

ఉత్తరం రాకపోతే బాగున్నాననుకుంటానన్నావు. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు. ఇక రాయకుండా ఉండలేను.

మొదట్లో ఊళ్ళో మోరీలు కడిగే పని ఇచ్చారు. బాగానే ఉంది. పండగ అయ్యాక ట్యాంకర్ మీదికి మార్చారు. బ్యాటరీలు కరిగించే షెడ్డు ఒకటుంది. అక్కడ కడిగిన నీళ్ళు నింపుకుని, ఊరికి దూరంగా ప్రభుత్వం చూపించిన చోట పోయాలి. కాగితం మీద అలాగే ఉంది. డ్రైవరు ఆ దారి పట్టలేదు. కొండదారి ఎక్కాడు. శుక్రవారం, జుమ్మా నమాజ్ వేళ. ఊళ్ళో మగవాళ్ళంతా మసీదులో ఉంటారు, దారి మీద పురుగు ఉండదు. 

పైన కంచె వేసిన యార్డులో ఆపాడు. గొట్టం విప్పమన్నాడు. విప్పాను. నీళ్ళు రాళ్ళ సందులోకి జారిపోతుంటే ఎటు పోతున్నాయా అని వంగి చూశాను. కింద కుంట కనపడింది. పెద్దాయన కూర్చునే చెక్కబల్ల కనపడింది. మా గది తలుపు తెరిచే ఉంది. భూమేష్ బయట ఎండలో పడుకుని ఉన్నాడు.

ఆ లోయను ఎప్పుడూ కింది నుంచే చూశాను. అందుకే ఏ దారిన ఎక్కామో తెలియలేదు. తుర్కీ పైపొలాలు కౌలుకిచ్చిందీ, నువ్వు హామీ రాసిచ్చిందీ ఈ కంపెనీకే బావా. నీకు తెలియదని నాకు తెలుసు. యార్డు గదిలో తుర్కీ కూర్చుని ఖహ్వా తాగుతున్నాడు. నన్ను చూసి నవ్వి, పక్కనున్న ముదీర్‌తో "ఇతను చేపలు చంపడంలో అనుభవమున్నవాడే" అన్నాడు. అందరూ నవ్వారు.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం నమాజ్ వదిలి ఆ గొట్టం పట్టుకుంటున్నాను. వాసన చేతులకు పోవడం లేదు. ముదీర్‌కు చెప్పాను, కింద మనుషులున్నారని. "నీకు ఇకామా ఉందా? ఉంది కదా, సంతోషించు" అన్నాడు. భూమేష్ అవుట్‌పాస్ కోసం జిద్దా పోవాలి, పోయే ఓపిక లేదు. పైకొస్తే పోలీసులకు దొరుకుతానని లోయ దాటడం లేదు. నేను వీలైనప్పుడు బాటిళ్ళు తీసుకెళ్తున్నాను. అవి అయిపోయాక ఏం తాగుతాడో నేను అడగను, అతను చెప్పడు.

నేనేం చేయాలి? నువ్వే చెప్పు. త్వరగా రాయి.

మస్తాన్


రియాద్, 25 సెప్టెంబర్ 2013

మస్తానూ,

ఏమీ చేయకు. ఇది నా మాట కాదు, ఆజ్ఞ అనుకో.

నవంబర్‌లో గడువు ముగియగానే ఇల్లిల్లూ వెతుకుతారట. ఆ ముదీర్ నీ మీద హురూబ్ అని ఒక్క బటన్ నొక్కితే నీకు పచ్చ ఇకామా ఉన్నా లేనట్టే. హామీ సంతకం నాది. నన్ను తీసేస్తే రుఖయ్యా, పిల్లలూ నా ఇకామా మీదే ఉన్నారు, అందరం పెట్టెలు సర్దుకోవాలి. ఆ మురుగు నువ్వు తయారు చేయలేదు. నువ్వు గొట్టం వదిలేస్తే ఇంకొకడు పట్టుకుంటాడు. సంవత్సరం ఓర్చుకో, నిన్ను రియాద్‌కు లాక్కుంటాను.

భూమేష్‌ను ఎవరికైనా అప్పగించి దూరంగా ఉండు. 

నీ ఉత్తరం చించేశాను. ఇదీ చించెయ్.

ఘనీ


అభా, 9 నవంబర్ 2013

బావా, సలాం.

నీ మాట వినలేదు. కోపం తెచ్చుకోకుండా చదువు.

ఈ ముక్కలు పోలీస్ స్టేషన్లో రాస్తున్నాను. దిలావర్ చూడటానికొచ్చి పెన్ను ఇచ్చాడు. గడువు ముగిశాక ఇక్కడ నిలబడటానికి కూడా చోటు లేదు. ఒకడు నిద్రపోతుంటే ఇంకొకడు గోడకానుకుంటాడు.

పోయిన శుక్రవారం నేను ట్యాంకర్ ఎక్కలేదు. నమాజుకు పోదామనే బయల్దేరాను. దారిలో దిలావర్ లారీ ఆపి, "నీ దోస్తు తలుపు దగ్గర పడిపోయి ఉన్నాడు, పలకడం లేదు" అన్నాడు. ఇద్దరం లోయలోకి దిగాం. భూమేష్ నన్ను గుర్తుపట్టలేదు. వాళ్ళమ్మ అనుకున్నాడు. "అవ్వా, తలుపు దియ్యే" అంటున్నాడు. లారీలో కూరగాయల సంచుల మీద పడుకోబెట్టి ఆస్పత్రికి తెచ్చాం. ఇకామా లేదని గేటులో ఆపారు. ఒక ఈజిప్టు డాక్టరమ్మ బయటికొచ్చి, అతని చిగుళ్ళు చూసి, ఎవరినీ అడక్కుండా లోపలికి తీసుకుపోయింది. రక్తంలో సీసం ఉందని తేలింది. ఎక్కడ పనిచేశాడని నన్ను అడిగింది. పక్కనే పోలీసు నిలబడి ఉన్నాడు. 

చెప్పేశాను బావా. షెడ్డు, ట్యాంకరు, శుక్రవారాలు, యార్డు, తుర్కీ, గొట్టం పట్టిన నా చేతులు, అన్నీ. నోట్లో నాలుక ఉందని నాకూ అప్పుడే తెలిసింది.

సాయంత్రానికి కంపెనీ నా మీద హురూబ్ రాసింది. తుర్కీ క్లోరిన్ ప్యాకెట్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు దాని సీలు విప్పి ఉంది, సగం ఖాళీగా ఉంది. వాగును పాడుచేసింది నేనేనట. ప్యాకెట్ మీద మీ సందులోని కొట్టు పేరుంది. ఎవరు పంపారని అడిగారు. నేనే తెప్పించుకున్నానని చెప్పాను.

నువ్వు రావద్దు. అక్కనూ పిల్లల్నీ తలుచుకో. జబీకి మాత్రం, నేను నీళ్ళలో విషం కలిపే మనిషిని కానని చెప్పు.

మస్తాన్


అభా దగ్గరి లోయ, 6 డిసెంబర్ 2013

మస్తానూ,

నువ్వు ఇల్లు చేరావని జబీ చెప్పిందట. రుఖయ్యా ఫోన్లో ఆ మాట అంటుంటే వినడానికి కోతుల మధ్యలోంచి కొండెక్కాను. ఇక్కడ నిజంగానే సిగ్నల్ లేదు. అందుకే ఉత్తరం. దిలావర్ పోస్టులో వేస్తాడు.

నేను వచ్చానని నీకు ఎవరూ చెప్పి ఉండరు. నీ ఉత్తరం అందిన రోజే దిలావర్ లారీ ఎక్కాను. ఆఫీసుకు లీవు చీటీ కూడా ఇవ్వలేదు. స్టేషన్‌కు పోయి, ప్యాకెట్ పంపింది నేను అని చెప్పాను. ఆఫీసర్ నమ్మలేదు. ఒకే ప్యాకెట్ కొన్నాను, ఫిబ్రవరి ఉత్తరం చూసి, పురుగులంటే భయపడి కొన్నానని చెప్పాను. ఆ పురుగులేమిటో చెప్పమన్నాడు. నేనెప్పుడూ చూడలేదు కదా, నువ్వు రాసిందే చెప్పాను, ఇసుకతో చొక్కా కుట్టుకుంటాయని. నవ్వుతాడనుకున్నాను. అతను ఇక్కడివాడే. "మా అమ్మమ్మ వాటిని చూసే నీళ్ళు ముంచుకునేది" అన్నాడు. ఆ డాక్టరమ్మ రిపోర్టు కూడా పంపింది. క్లోరిన్‌తో రక్తంలోకి సీసం రాదని అందులో రాసి ఉంది. మర్నాడు మునిసిపాలిటీ బలదియా వాళ్ళొచ్చి నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయారు. యార్డుకు సీలు వేశారు. నీ మీద విషం కేసు కొట్టేశారు. హురూబ్ మాత్రం కొట్టేయలేదు. అందుకే నిన్ను పంపించేశారు. ఆ రోజు నేను ఆస్పత్రిలో భూమేష్‌ను చూసి స్టేషన్‌కు వచ్చేసరికి, నిన్ను షుమైసీ తర్హీల్ జైలుకు తీసుకుపోయే బస్సు కదిలిపోయింది. వెనక అద్దాలే చూశాను.

ముదీర్ దొరకలేదు. తుర్కీ బెయిలు మీద బయటే ఉన్నాడు. నిన్న కారు నెమ్మది చేసి, అద్దం దించి నన్ను చూస్తూ పోయాడు.  

భూమేష్ బతికాడు. కుడిచెయ్యి ఇంకా లేవడం లేదు. ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని, "మస్తానన్న ఏడి?" అని అడిగాడు. అవుట్‌పాస్ వచ్చింది, డాక్టరమ్మ ఒప్పుకోగానే పంపిస్తాను. దేవవ్వతో మాట్లాడించాను. ఆమె వాడి గొంతు పోల్చుకోలేకపోయింది. నిజంగా తన కొడుకేనా అని నన్ను మళ్ళీ మళ్ళీ అడిగింది.

మా ఆఫీసువాళ్ళు నన్ను రావద్దన్నారు. ఇకామా ఉన్నంతవరకే ఇక్కడ ఉండగలం. రుఖయ్యా సామాను కట్టడం మొదలుపెట్టింది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇక నేనింకా ఇక్కడ ఎందుకున్నానంటావా. యార్డుకు సీలు పడింది కానీ, మట్టిలోకి ఇంకింది ఇంకా దిగుతూనే ఉందట. ఎన్నేళ్ళు దిగుతుందో చెప్పలేమన్నారు. ఒడ్డున ఒక బోర్డు పాతారు. నీళ్ళ ట్యాంకర్ పంపుతామన్నారు, ఇంకా రాలేదు. నీ గదిలో ఉంటున్నాను. రోజూ పొద్దున్నే గడ్డి టోపీల ఆడవాళ్ళు బోర్డు పక్కనుంచే దిగి వస్తారు. వాళ్ళకు చదవడం రాదు. నేను చెబితే కొందరు వెనక్కి పోతున్నారు.

ఇవాళ ఒక ముసలామె డబ్బా ముంచింది. తాగొద్దు, ఇందులో సీసం ఉంది అన్నాను. ఆమె నీళ్ళు దోసిట్లో తీసుకుని వెలుతురుకు పట్టి చూపించింది. "మా తాత తాగాడు, నేను తాగాను. నువ్వు ఏ ఆఫీసు మనిషివి?" అంది.

పద్నాలుగేళ్ళుగా ఆ ప్రశ్నకు కార్డు తీసి చూపించేవాణ్ణి. ఇప్పుడు ఏమీ లేదు. ఏ ఆఫీసూ కాదన్నాను.

ఆమె డబ్బా ఎత్తుకోబోయింది. నేను పిడి పట్టుకున్నాను. పరాయి ఆడమనిషి చేతిలోది పట్టుకోవడం ఇక్కడ ఎంత తప్పో నాకు తెలుసు. ఆమె వదల్లేదు. నేనూ వదల్లేదు. నీళ్ళన్నీ ఇద్దరి కాళ్ళ మీదా ఒలికిపోయాయి. ఆమె నన్ను తిట్టింది. రేపు నా కొడుకుల్ని తీసుకొస్తాను, వాళ్ళే నీతో మాట్లాడతారు అని చెప్పి ఖాళీ డబ్బాతో పైకెక్కింది.

తీసుకురానీ. వాళ్ళకు కూడా చెప్పాలి కదా.

నీ బావ,
అబ్దుల్ ఘనీ